బయటి తడి, లోపలి తడి: గోదావరి డెల్టాలో వానకోటు ఎంచుకోవడం

రావులపాలెంలో బండెక్కి అమలాపురంలో దిగేసరికి చొక్కా తడిసిపోయిందంటే కోటు కారిందనే అనుకుంటాం. ఒక్క నిమిషం ఆగి కోటు విప్పి చొక్కా చూడండి. తడి భుజాల కుట్ల దగ్గర, మెడ కింద, బొడ్డు దగ్గర మచ్చలు మచ్చలుగా ఉంటే వాన లోపలికి వచ్చినట్టు. వీపంతా, చంకలంతా ఒకే తీరుగా తడిసి ఒంటికి అతుక్కుని ఉంటే అది చెమట. మొదటిదానికి కోటు మార్చాలి, లేదా కుట్లు బాగు చేయించాలి. రెండోదానికి ఇంకా దళసరి కోటు కొంటే ఇంకా ఎక్కువ తడుస్తారు. ఈ తేడా చూడకుండా కొన్న కోట్లే చాలా ఇళ్లలో అటక మీద పడుంటాయి.

మన వాన చలివాన కాదు. ముసురు పట్టిన శ్రావణంలో కూడా పగటి వేడి 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది, గాలిలో తేమ 90 శాతం దాకా పోతుంది. ఒంటి చెమట ఆవిరై బయటికి పోవాలంటే చర్మం దగ్గర ఆవిరి ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. తడిసిన చర్మం 34 డిగ్రీల దగ్గర ఉంటే అక్కడ ఆవిరి పీడనం సుమారు 53 మిల్లీబార్లు. బయట 28 డిగ్రీలు, 90 శాతం తేమ అంటే సుమారు 34. తేడా 19. అదే 10 డిగ్రీల చలివానలో బయటి పీడనం 12 మాత్రమే, తేడా 41. అంటే ఆవిరిని బయటికి తోసే బలం మన దగ్గర సగం కూడా లేదు. గోర్‌టెక్స్ లాంటి ఆవిరి వదిలే పొరలన్నీ ఈ తేడా మీద ఆధారపడే పనిచేస్తాయి. అమెరికా ఇంజినీరు బాబ్ గోర్ 1969లో పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్‌ను సాగదీసి కనిపెట్టిన ఆ పొర గొప్పదే, కొండల్లో చలిలో నడిచేవాళ్లకు ప్రాణం లాంటిది. రాజోలులో ఆగస్టు మధ్యాహ్నం మాత్రం దానికి పెట్టిన డబ్బుకు తగిన ఫలితం రాదు. ఇక్కడ చెమటను బయటికి పంపేది పొర కాదు, గాలి. కోటులో గాలి ఆడే దారి ఉందా అన్నదే మొదటి ప్రశ్న.

గాలి దారులు ఎక్కడుండాలంటే: వీపు పైభాగంలో రెండో పొరలా వేలాడే మడత, దాని కింద వల గుడ్డ. చంకల కింద జిప్పు గానీ, అంచుకు లోహపు రింగు బిగించిన నాలుగైదు రంధ్రాలు గానీ. లోపల ఒంటికి తగలకుండా వల గుడ్డ అస్తరు. ఈ అస్తరు నీళ్లనేమీ ఆపదు, కోటును చర్మం నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు దూరంగా ఉంచుతుంది, అంతే. ఆ కాస్త దూరమే చాలు, పూత గుడ్డ చేతికి జిగురుగా అంటుకునే చిరాకు పోతుంది. కోటు లోపల వేసుకునేది కూడా చూసుకోండి. దళసరి నూలు చొక్కా చెమటను పీల్చి పట్టుకుని కూర్చుంటుంది. ఆటల బనియన్ల లాంటి పల్చటి పాలిస్టర్ టీషర్టు వేసుకుంటే కోటు విప్పిన పది, పదిహేను నిమిషాల్లో ఫ్యాను కింద ఆరుతుంది. ఆఫీసు చొక్కా మడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకెళ్లి అక్కడ మార్చుకోవడం అన్నిటికన్నా మేలు.

గుడ్డ సంగతి

అంగళ్లలో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. పీవీసీ కోటు బరువుగా, మందంగా ఉంటుంది, నీటిని పూర్తిగా ఆపుతుంది, బురద అంటినా తుడిస్తే పోతుంది. దాని లోపం మడతల దగ్గర. పీవీసీని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం ఎండకు, వేడికి మెల్లమెల్లగా బయటికి వచ్చేస్తుంది. అప్పుడు మడత పెట్టిన గీత వెంట గట్టిపడి చిట్లుతుంది. రెండోది పాలిస్టర్ లేదా నైలాన్ గుడ్డకు లోపలివైపు పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) పూత వేసినది. తేలిక, చిన్నగా మడత పడుతుంది, బండి డిక్కీలో పడుతుంది. రోజూ బండి మీద తిరిగేవాళ్లకు ఇదే సరైనది. మూడోది ఈవీఏ లాంటి మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన పారదర్శకపు పల్చటి కోట్లు. అత్యవసరానికి సంచిలో ఒకటి పెట్టుకోవచ్చు కానీ బండి మీద గాలికి చంక దగ్గర మొదటి వారంలోనే చిరుగుతాయి.

చీటీ మీద 190టీ, 210టీ అని ఉంటే అది ఒక అంగుళంలో పడుగు, పేక కలిపి ఎన్ని దారాలున్నాయో చెప్పే లెక్క. నేత ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది, నీళ్లు ఆపుతుందో లేదో తెలియదు. నీళ్ల సంగతి చెప్పేది మిల్లీమీటర్ల అంకె. 5,000 అని ఉంటే గుడ్డ మీద 5 మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలిచేదాకా కారదని అర్థం. గొడుగు బదులు వేసుకుని బజారుకు నడిచి వెళ్లడానికి 2,000 చాలు. బండి మీదికి 5,000 తక్కువ వద్దు, ప్యాంటుకు ఇంకా ఎక్కువున్నా మంచిదే, ఎందుకంటే తడి సీటు మీద మనిషి బరువంతా పడి నీటిని గుడ్డలోకి నొక్కుతుంది. అంకె అసలే లేని కోటయితే గుడ్డ లోపలివైపు పెదాలకు ఆనించి గట్టిగా ఊదండి. గాలి అవతలికి పోతే పూత లేనట్టే.

బయటి వైపు నీళ్లు ముత్యాల్లా జారిపోవడం వేరే సంగతి. అది పైన చల్లిన మందు వల్ల. నాలుగు వానలకు అది తగ్గి, గుడ్డ పైపొర నీళ్లు తాగి నల్లబడుతుంది. అప్పుడు కోటు కారుతోందని పారేయకండి. లోపలి పూత బాగుంటే నీళ్లు లోపలికి రావు, కోటు బరువెక్కి చల్లగా తగులుతుంది అంతే.

కుట్టు, జిప్పు, మెడ

గుడ్డ ఎంత మంచిదైనా సూది గుచ్చిన ప్రతిచోటా ఒక రంధ్రమే. అందుకే కోటు కొనేటప్పుడు బయటి రంగు చూడటానికి ముందు లోపలికి తిప్పండి. ప్రతి కుట్టు మీద రెండు సెంటీమీటర్ల వెడల్పున మెరిసే టేపు వేడితో అతికించి ఉండాలి. చాలా కోట్లకు భుజం మీద, పక్కల టేపు ఉంటుంది, కనపడని చోట వదిలేస్తారు. చూడాల్సిన చోట్లు నాలుగు: టోపీని మెడకు కుట్టిన గీత, చంక కింద నాలుగు కుట్లు కలిసే మూల, జేబు చుట్టూ, ప్యాంటులో కాళ్లు కలిసే చోట. టేపు చివర గోటితో మెల్లగా గీరి చూడండి. కొత్త కోటులోనే అంచు లేస్తుంటే మొదటి ముసురుకే ఊడుతుంది.

ఇప్పుడు జిప్పు. నిలబడిన మనిషి మీద చినుకు పై నుంచి పడుతుంది. బండి మీదున్న మనిషికి అది ఎదురొస్తుంది. పెద్ద చినుకు సెకనుకు సుమారు 8 మీటర్ల వేగంతో పడుతుంది. మీరు గంటకు 50 కిలోమీటర్ల మీద పోతుంటే అది సెకనుకు దాదాపు 14 మీటర్లు. రెండూ కలిపితే చినుకు 16 మీటర్ల వేగంతో, ఎక్కువగా ఛాతీ మీదే కొడుతుంది. వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగింతలు. అందుకే నడిచేటప్పుడు కారని కోటు బండెక్కితే ముందు జిప్పు దగ్గర కారుతుంది. జిప్పు మీద ఒక పట్టీ ఉంటే సరిపోదు. బయట ఒక పట్టీ, జిప్పు వెనక లోపల ఇంకో పట్టీ ఉండాలి. లోపలి పట్టీ అంచు కాలవలా వెనక్కి మడిచి ఉంటే ఇంకా మంచిది, జిప్పు పళ్లలోంచి దూరిన నీళ్లు ఆ మడతలో పడి కిందికి జారిపోతాయి. బయటి పట్టీకి వెల్క్రో కన్నా ప్రెస్ బటన్లు మేలు. మన రోడ్ల ఇసుక, బురద నిండితే వెల్క్రో ఒక కాలానికే పట్టు వదిలేస్తుంది.

మెడ దగ్గర చేసే పొరపాటు అందరిదీ ఒకటే: టోపీని హెల్మెట్ మీదికి లాక్కోవడం. గాలికి అది ఉబ్బి వెనక్కి గుంజుతుంది, తల పక్కకు తిప్పితే టోపీ కదలదు, పక్క నుంచి వచ్చే లారీ కనపడదు. మందమైన టోపీని హెల్మెట్ కిందికి తోస్తే హెల్మెట్ తలకు సరిగ్గా కూర్చోదు. టోపీ ఊడదీసే వీలున్న కోటు తీసుకోండి. మెడపట్టీ గడ్డం కిందిదాకా నిలబడి, బటన్ పెడితే రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలి. హెల్మెట్ వెనక నుంచి ధారగా కారే నీళ్లు ఆ పట్టీ బయట పడాలి, లోపల కాదు. ఇది అంగట్లో హెల్మెట్ పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది, కాబట్టి కోటు కొనడానికి వెళ్లినప్పుడు హెల్మెట్ చేత్తో పట్టుకెళ్లండి.

కొలత: కూర్చుని చూడాలి

నిలబడి అద్దంలో చూసి కొన్న కోటు బండి మీద పొట్టి అవుతుంది. ఛాతీ చుట్టుకొలతకు కనీసం 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎక్కువున్న కోటు తీసుకోండి, ఆ ఖాళీలోనే గాలి ఆడుతుంది. రెండు చేతులూ హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు చాపండి. చేతికొస మణికట్టు ఎముకను దాటి రెండు వేళ్లు ముందుకు ఉండాలి. వీపు మీద బిగుతుగా లాగితే భుజం కుట్టు టేపు త్వరగా ఊడుతుంది. తర్వాత అంగడి స్టూలు మీదైనా కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోండి. మోకాలు మడిస్తే ప్యాంటు అంచు ఒక బెత్తెడు పైకి పోతుంది. కాబట్టి నిలబడినప్పుడు ప్యాంటు మడమ కిందికి వచ్చేంత పొడవుండాలి, అడుగున బిగించుకునే పట్టీ ఉండాలి.

ప్యాంటు ముందుగా చిరిగేది, కారేది కాళ్లు కలిసే చోట. సీటు గుంటలో నీళ్లు నిలుస్తాయి, దాని మీద మన బరువు, పైగా ఎక్కి దిగిన ప్రతిసారీ కుట్టు సాగుతుంది. ఆ చోట నాలుగు కుట్లు ఒకే బిందువులో కలిసే ప్యాంటు వద్దు, అడ్డంగా ఒక ముక్క వేసి కుట్టినది వెతకండి. వాన తెరిపిచ్చాక బండెక్కే ముందు సీటును చేత్తో తుడిస్తే ఏ ప్యాంటయినా ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. రెండో ప్రమాదం సైలెన్సర్. మన మోటార్ సైకిళ్లకు అది కుడివైపు ఉంటుంది. అడుగున వదులుగా ఆడే ప్యాంటు కాలు దానికి తగిలి కరిగి అతుక్కుంటుంది. కుడి కాలు పట్టీని ఎడమకన్నా బిగువుగా కట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

చీర కట్టుకుని వెనక ఒకవైపు కూర్చునేవారికి ప్యాంటు, కోటు జత కుదరదు. మోకాలి కింది దాకా వచ్చి, అడుగు దాకా బటన్లున్న పొడవాటి కోటు కావాలి. కూర్చున్నాక ఆ కోటు అంచును కాళ్ల కింద నొక్కుకోవాలి, గాలికి వదిలేస్తే చక్రంలో పడుతుంది. పైట కొంగు, చున్నీ కోటు లోపలే ఉండాలి. పోంచో అని అమ్మే తల మీంచి వేసుకునే దుప్పటి లాంటిది నడిచేవారికి హాయిగా ఉంటుంది, కింద నుంచి గాలి ఆడుతుంది. బండి మీద, సైకిలు మీద మాత్రం వద్దు. ఎగిరి ముఖం మీద పడుతుంది, లేదా గొలుసులో, చక్రంలో చుట్టుకుంటుంది.

రంగు విషయంలో మొహమాటం వద్దు. పసుపు, నారింజ, చిలకాకుపచ్చ. ముసురు సాయంత్రం కొబ్బరిచెట్ల నీడలో కాలవ గట్టు రోడ్డు మీద నలుపు, నీలం కోటు మనిషి కనపడడు. వీపు మీద, చేతుల మీద వెలుతురుకు మెరిసే పట్టీ ఉందో లేదో చీకట్లో ఫోను లైటు కంటి పక్కన పెట్టుకుని వేసి చూడండి. బూడిదరంగు గుడ్డ ముక్క కుట్టి మెరిసే పట్టీ అని అమ్మేవి ఉన్నాయి.

ఇంట్లో నీళ్ల పరీక్ష

బిల్లు పోగొట్టుకోకుండా కొన్న రోజే ఈ పరీక్ష చేయండి. కోటును లోపలి వైపు కిందికి ఉండేలా ఒక బక్కెట్టు మూతి మీద పరిచి, భుజం కుట్టు మధ్యలోకి వచ్చేలా గుంటగా నొక్కి, అందులో అర లీటరు నీళ్లు పోయండి. బక్కెట్టు అడుగున పాత పేపరు పరవండి. పది నిమిషాలు వదిలేశాక కింద నుంచి వేళ్లతో కుట్టును నొక్కండి. పేపరు మీద చుక్క పడితే ఆ కుట్టు టేపు పట్టలేదు. ఇదే పని ప్యాంటు కాళ్లు కలిసే చోట, టోపీ కుట్టు దగ్గర చేయండి. చివరగా ఎండిన లేతరంగు నూలు చొక్కా మీద కోటు తొడిగి, ఛాతీకి ఎదురుగా ఐదు నిమిషాలు గొట్టంతో నీళ్లు కొట్టించుకోండి. లేతరంగు చొక్కా మీద తడి ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనిపిస్తుంది.

చేలో, చెరువు గట్టు మీద

వంగి ఊడ్పులు ఊడ్చే మనిషికి చేతులున్న కోటు అక్కర్లేదు. వాన పడేది వీపు మీద, తల మీద. ముందువైపు తెరిచి ఉంటేనే గాలి ఆడుతుంది, చేతులు మోచేతుల దాకా ఎలాగూ నీళ్లలోనే ఉంటాయి. పాతకాలపు తాటాకు కప్పు చేసింది ఇదే పని. ఇప్పుడు దాని బదులు 400 గేజ్, అంటే 100 మైక్రాన్ల పాలిథిన్ పట్టా 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల పొడవు తీసుకుంటే సరిపోతుంది. పై అంచును రెండు వేళ్ల వెడల్పు మడిచి అందులోంచి నవారు పోనిచ్చి మెడకు, సగం కింద ఇంకో తాడు నడుముకు కట్టుకోవాలి. నడుము ముడి లేకపోతే వంగినప్పుడు పట్టా ముందుకు జారి నీళ్లన్నీ మెడ మీద పడతాయి. తలకు యూరియా బస్తా ముసుగు ఇప్పటికీ మంచిదే. ఖాళీ బస్తాను మూడు నాలుగు నీళ్లు పోసి కడిగి ఆరబెట్టి, అడుగు మూలల్లో ఒకదాన్ని లోపలికి నొక్కి రెండో మూలలో కూర్చోబెడితే కొప్పులా తయారవుతుంది. మిగతా బస్తా వీపు మీదికి జారుతుంది. కడగని బస్తా వాడితే యూరియా కరిగి మెడ మీద మంట పుడుతుంది. పురుగు మందు తెచ్చిన సంచిని మాత్రం ఎన్నిసార్లు కడిగినా వాడకండి.

రొయ్యల చెరువు దగ్గర మేత వేసేవారికి లెక్క వేరు. గాలి ఎక్కువ, గంటల తరబడి నిలబడే పని, ఉప్పుగాలి. పీవీసీ కోటు, ఛాతీ దాకా వచ్చి భుజాల మీద పట్టీలున్న ప్యాంటు అక్కడ నిలుస్తాయి. జిప్పు లోహంది అయితే ఉప్పుకు తుప్పు పట్టి బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ పళ్ల జిప్పు తీసుకోండి. పని అయ్యాక మంచినీళ్లతో కడిగి తీరాలి.

నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కినా, లంకలకు పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ కోటు మీద వేసుకోవాలి, కోటు కింద కాదు. కింద వేసుకుంటే నీళ్లలో పడ్డప్పుడు కోటు ఉబ్బి ముఖం మీదికి వస్తుంది, జాకెట్ పట్టీలు పట్టుకుని పైకి లాగేవారికి అందవు.

ఉరుముతుంటే ఏ కోటూ, ఏ రబ్బరు బూటూ పిడుగును ఆపదు. చేలో గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడటం, కొబ్బరిచెట్టు కిందికి చేరడం రెండూ ప్రాణాంతకం. దగ్గరలో పక్కా ఇల్లు గానీ, తలుపులు మూసుకునే కారు గానీ చూసుకోవాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ మీరున్న చోటికి దగ్గరలో పిడుగు ముప్పు ఉంటే చెబుతుంది, చేలో పనిచేసేవాళ్ల ఫోనులో అది ఉండాలి.

గొడుగు

నడిచేవారికి మన వేడిలో గొడుగుకు మించింది లేదు, చెమట గొడవే ఉండదు. చువ్వ పొడవు 23 అంగుళాలు ఒక మనిషికి, 27 అయితే సంచి కూడా తడవదు. ఇనుప చువ్వ గాలికి వంగితే వంకర అలాగే ఉండిపోతుంది, ఫైబర్ చువ్వ వంగి మళ్లీ లేస్తుంది. పైన గాలి పోయే రెండు పొరల గొడుగు అంత తేలిగ్గా తిరగబడదు. మూడు మడతల చిన్న గొడుగు సంచికి అందం, ఆశ్వయుజ కార్తీకాల గాలివానకు మాత్రం పనికిరాదు, కీళ్లు విరిగేది అక్కడే. బండి వెనక కూర్చుని గొడుగు తెరవడం రోజూ కనపడే దృశ్యమే, దాన్ని మానాలి. మీటరు వెడల్పు గొడుగును గంటకు 40 కిలోమీటర్ల గాలిలో తెరిస్తే ఏడు కిలోలకు పైగా బలంతో వెనక్కి లాగుతుంది. ఒంటిచేత్తో ఆ బలాన్ని పట్టుకున్న మనిషి గతుకులో ఎటు పడతారో చెప్పలేం.

కాళ్లు

డెల్టా మట్టి ఒండ్రుమట్టి, తడిస్తే సబ్బులా జారుతుంది. హవాయి చెప్పులు అడుగడుగునా మడమ వెనక నుంచి బురదను పిక్కల మీదికి, చీర అంచు మీదికి చిమ్ముతాయి. వెనక పట్టీ ఉన్న ప్లాస్టిక్ శాండిల్స్, అడుగున లోతైన గాళ్లున్నవి పుంత దారిలో నడవడానికి మంచివి. తోలు చెప్పులు ఈ నాలుగు నెలలూ అటకెక్కించండి.

గమ్ బూట్లు గట్టు మీద నడవడానికి, చెరువు పనికి, వరద తీసిన తర్వాత ఇల్లు శుభ్రం చేయడానికి. పిక్క సగం దాకా ఎత్తున్నది, మీ కొలతకన్నా ఒక సైజు పెద్దది తీసుకుని లోపల మేజోళ్లు వేయండి. ప్యాంటు కాలు బూటు బయట పడాలి. లోపలికి దోపితే ప్యాంటు మీద జారిన నీళ్లన్నీ బూటులో నిండుతాయి. దమ్ము చేసిన చేలో మాత్రం గమ్ బూటు దిగబడి బురద పీల్చేస్తుంది, కాలు పైకి వస్తే బూటు కిందే ఉండిపోతుంది. అందుకే ఊడ్పులకు ఒట్టి కాళ్లే. అలా దిగేవారు కాలి మీద గాట్లు, పగుళ్లు ఉంటే ముందే కట్టు కట్టి పైన నీరు చొరని పట్టీ వేసుకోవాలి, ఎందుకంటే ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ జ్వరం ఎక్కువగా ఆ గాట్ల గుండా వస్తుంది. చేలో దిగిన వారం, రెండు వారాల్లో జ్వరంతో పాటు పిక్కలు విపరీతంగా లాగి, కళ్లు ఎర్రబడితే డాక్టరుకు నీళ్లలో పనిచేశామన్న మాట ముందుగా చెప్పండి.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని వేళ్ల సందులు గుడ్డతో ఆరేదాకా ఒత్తాలి. సందులు నాని తెల్లబడి చిట్లడం మొదలైతే తడి చెప్పుల్లో ఒక్క పూట కూడా ఉండకండి. వరండాలో వదిలిన బూటును తొడిగే ముందు తిరగేసి దులపండి. ముసురు రోజుల్లో తేళ్లు, పాములు పొడి చోటు వెతుక్కుంటాయి.

బడి పిల్లల కోటుకు వీపు మీద సంచి పట్టేలా ఉబ్బు ఉంటుంది, సంచి వేసుకునే కోటు తొడిగించి చూసి కొనాలి. పుస్తకాలు సంచిలో మళ్లీ ప్లాస్టిక్ కవరులో ఉండాలి. హెల్మెట్ అద్దం లోపల మసక పడుతుంటే గిన్నెల సబ్బు నీళ్లు ఒక చుక్క రాసి మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిస్తే కొన్ని గంటలు తేటగా ఉంటుంది. ఫోను తడిస్తే చార్జింగ్ పెట్టే చోట పూర్తిగా ఆరేదాకా తీగ గుచ్చకండి.

వాతావరణ శాఖ లెక్కలో ఒక్కరోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ. తుపాను గాలి తోడైనప్పుడు వాన అడ్డంగా కొడుతుంది, నీళ్లు కింద నుంచి పైకి కూడా ఎక్కుతాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ చూసినలాంటి గాలిలో ఏ కోటైనా ఒకటే. అలాంటి హెచ్చరిక వచ్చిన రోజు కోటు హ్యాంగరుకే ఉండాలి, మనిషి ఇంట్లో ఉండాలి.

ఆరబెట్టడం, దాచడం, అతుకు

కోట్లు వానకు కన్నా ఎక్కువగా ఇంట్లోనే పాడవుతాయి. తడి కోటును చుట్టి డిక్కీలో రెండు రోజులు వదిలేస్తే బూజు వాసన వస్తుంది, అది పైకి కనపడే నష్టం. కనపడని నష్టం పీయూ పూతకు. తడి, వేడి కలిస్తే ఆ పూత మెల్లగా విరిగిపోతుంది. మరుసటి ఏడు కోటు తెరిచేసరికి లోపల జిగురుగా అంటుకుని, పొట్టు పొట్టుగా రాలుతుంది. దానికి బాగు లేదు. కాబట్టి ఇంటికి రాగానే రెండుసార్లు విదిలించి, హ్యాంగరుకు తగిలించి వరండాలో ఆరేయండి. మేకుకు తగిలిస్తే మెడ దగ్గరి పట్టీ లాగి అక్కడి టేపు లేస్తుంది. బయటి వైపు ఆరాక లోపలి వైపు తిప్పి ఫ్యాను కింద ఇంకో రెండు గంటలు. నిలువెండలో వేయకండి, ఇస్త్రీ పెట్టకండి. బురద అంటితే మంచినీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. సబ్బుపొడిలో, వాషింగ్ మెషీన్లో వేస్తే నీళ్లు జారే మందు పోతుంది, టేపులు వదులవుతాయి.

చిరుగు పడితే సూదీ దారం తీయకండి, అది ఇంకో ఇరవై రంధ్రాలు చేస్తుంది. పీయూ కోటుకు లోపలి వైపు తడి లేకుండా తుడిచి, చిరుగుకు అన్ని వైపులా రెండు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చేలా అతుకు టేపు కోసి, మూలలు గుండ్రంగా కత్తిరించి అంటించాలి. మూల ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. పీవీసీ కోటుకు సైకిలు పంక్చరు సొల్యూషన్ పట్టదు, అది రబ్బరుకు. పీవీసీ గుడ్డకు వాడే జిగురు వేరేగా దొరుకుతుంది, ఆ కోటు జేబులోంచి కోసిన ముక్కతోనే అతుకు వేస్తే రంగూ కలుస్తుంది, మందమూ కలుస్తుంది.

సంక్రాంతి నాటికి వానలు పూర్తిగా వెళ్లిపోతాయి. అప్పుడు కోటు కడిగి, రెండు రోజులు నీడన ఆరేసి, జిప్పు పళ్లకు కొవ్వొత్తి రుద్ది, మడత పెట్టకుండా హ్యాంగరుకే పాత దుప్పటి కప్పి ఉంచండి. మళ్లీ రోహిణి కార్తెలో తీసి, మృగశిర రాకముందే ఆ అర లీటరు నీళ్ల పరీక్ష ఇంకోసారి చేస్తే, ఊడిన టేపు అతికించుకోవడానికి వారం పది రోజుల వ్యవధి ఉంటుంది.